రాగి రేకుల పెట్టె

మా మేడ మీది గదిలో భాను, వాళ్ళమ్మ రామమ్మ కిరాయికి ఉంటారు. భానును పిల్ల అంటాను గానీ ముప్పై దగ్గర పడింది. నారాయణగూడ చౌరస్తా దగ్గర మైకుసెట్లు బాగుచేసే దుకాణంలో పని. పొద్దంతా అక్కడ పెళ్ళి బ్యాండు వాళ్ళ ఆంప్లిఫయర్లు విప్పుతుంది. ఇంటికొచ్చాక చేతులు కడుక్కుని, మళ్ళీ తన సొంత వైర్లు ముందేసుకుంటుంది. అశోక్ నగర్‌లో ఆ వయసు పిల్లలంతా సర్కారు నౌకరీ పుస్తకాల మీద వాలిపోయి ఉంటే, ఈమెది వేరే చదువు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నేను మెట్ల మీద నుంచే అనేదాన్ని. నాకు నోరు ఎక్కువని మా గల్లీ అంతా ఎరిగిన సంగతే.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చాను. ముసురు పట్టి గది చీకటిగా ఉంది. కళ్ళు మూతలు పడుతుండగా మేడ మీది నుంచి ఏదో కూత దిగి వచ్చింది. పిట్టది కాదు, పిల్లనగ్రోవిది కాదు, మనిషిది అసలే కాదు. సన్నగా మొదలై, మెల్లగా పైకి పోయి, అక్కడ కాసేపు నిలబడి, జారుతూ కిందికి వచ్చింది. ఆ జారుడులో నేనూ ఎటో జారిపోయాను. మా పై అంతస్తు స్లాబు వేసిన రోజుకు పోయి తేలాను.

ఆ రోజు పాలమూరు ఆడవాళ్ళు కింది నుంచి పై దాకా వరసగా నిలబడి కంకర గమేళాలు అందిస్తున్నారు. వరసకు మొదట రామమ్మ. ఆమె పాట ఎత్తితే మిగతావాళ్ళు అందుకునేవారు. గమేళా కూడా ఆ పాట మీదనే చెయ్యి మారేది. భాను అప్పుడు ఇంతంత పిల్ల, గేటు బయట ఇసుక కుప్పలో ఆడుకునేది. మధ్యమధ్య రామమ్మ పై నుంచి "ఓ... భానూ..." అని పిలిచేది. కింది నుంచి మొదలై పైకి లేచి, చివర్న జారేది ఆ పిలుపు. చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకునేవాళ్ళు కూడా తలెత్తి ఉంటారని మా ఆయన కిషన్ రావు ఇప్పటికీ అంటారు. ఈ పిల్ల "వస్తున్ననే!" అని అరిచేది. కదిలేది మాత్రం కాదు. ఎన్ని పిలుపులకు కదిలేదో ఆ తల్లికే తెలియాలి.

తర్వాత ఆ స్లాబు కిందికే కిరాయికి వచ్చారు. ప్రతి ఏడూ మా గల్లీ బతుకమ్మకు పాట ఎత్తేది రామమ్మే. ఏడాది కిందట ఆమె గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఇప్పుడు నోరు తెరిస్తే ఉత్త గాలి. పోయిన ఏడు పండుగ చివరి రోజు సద్దుల బతుకమ్మను తన చేత్తోనే పేర్చి, భాను చేతికిచ్చి పంపించి, గోడవైపు తిరిగి కూర్చుంది. నేను పైకి పోయి బతిమాలితే వద్దని చెయ్యి ఊపింది. పాట ఎత్తేవాళ్ళు లేక ఫోనులో పాటలు పెట్టుకుని ఆడాం. పెళ్ళికి పోయి, ఫోటోలు చూసి, అన్నం తినకుండా వచ్చినట్టయింది.

ఇవన్నీ కళ్ళ ముందు తిరుగుతుంటే లేచి కూర్చున్నాను. పైన కూత ఇంకా వస్తోంది. కల కాదన్నమాట. గబగబా మెట్లెక్కాను.

"ఏందే పిల్లా ఈ మోత? కొంచెం కన్నంటుకోనియ్యవా?" అని గదమాయించబోయి ఆగిపోయాను. భాను ముందున్న చెక్క పెట్టె ఎక్కడో చూసినట్టుంది.

"ఇది నా బీరువా సొరుగు గదా!"

"మీరే పారేయమంటిరి గదా ఆంటీ," అని నవ్వింది భాను. "రండి, జర ఇటు గూసోండి."

సొరుగులో ఒక మూల పాత మైకుసెట్టు స్పీకరు. మధ్యలో వైర్ల చిక్కు, నల్ల పురుగుల్లాంటి చిన్న చిన్న ముక్కలు. పై మూతకు రెండు రాగి రేకులు, వాటి మధ్య సన్నటి సందు. అంతే.

"రెండు రేకుల మీద వేళ్ళు వెట్టండి. మన ఒళ్ళే వైరు అయితది. గట్టిగ ఒత్తితె పైకి పోతది, అల్కగ వెడితె కిందికి దిగుతది."

"షాక్ కొడితే నీదే పూచీ."

"చిన్న బ్యాటరీ ఆంటీ. చీమ కుట్టినంత గూడ ఉండది."

దేవుణ్ణి తలచుకుని వేళ్ళు పెట్టాను. నావి ఎప్పుడూ చెమట చేతులే. పెట్టె ఒక్కసారిగా మేకపిల్లలా అరిచింది. అయ్యో నా తల్లీ అని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. మళ్ళీ పెట్టాను. ఒత్తితే పైకి, వదిలితే కిందికి. ఒప్పుకోవాలి, ముద్దొచ్చింది.

"ఇంత తిప్పలెందుకు, ఒక కీబోర్డు కొనియ్యరాదా?"

"అది మెట్లు మెట్లుగ ఎక్కుతది. మా అమ్మ పాట జారుతది." భాను గొంతు తగ్గించింది. "మాటలు గల్లీ అందరికి తెలుసు, వాళ్ళు పాడుతరు. ఈ బతుకమ్మకు పాట ఎత్తుడు మాత్రం అమ్మనే ఎత్తాలె. గోడవైపు తిరిగి గూసునుడు నేను మళ్ళ సూడలేను."

అప్పుడే రామమ్మ అంట్లు తోమి వచ్చింది. భాను ఆమె రెండు చేతులూ బట్టతో శుభ్రంగా తుడిచి, పొడిగా ఆరాయని చూసుకుని, రేకుల మీద పెట్టింది.

టక్... టక్... టక్...

కట్టేసిన నల్లాలోంచి చుక్క పడ్డట్టు, అంతే. భాను చెయ్యి పెడితే పాట. నేను పెడితే మేకపిల్ల. రామమ్మ పెడితే టక్కుమనడం తప్ప ఇంకేమీ లేదు. రామమ్మ పెట్టెను చూసి, బిడ్డను చూసి, పోనీలే అన్నట్టు నవ్వి లేచింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఏడ్చినా బాగుండేది.

అక్కడి నుంచి భానుకు ఒకటే పరేషాన్. లోపల ఏదో అతుకు లూజుగా ఉందని అన్నీ విప్పి మళ్ళీ అతికించింది. సీసం కరిగిన వాసన మా వంటింటి దాకా వచ్చేది. సుల్తాన్ బజార్ పక్కన గుజరాతీ గల్లీలో తిరిగి ముక్కలు తెచ్చి మార్చింది. ఒకసారి పెట్టెకు చురుకుదనం మరీ ఎక్కువ చేస్తే, ఎవరూ ముట్టకుండానే, మేం ట్యూబులైటు వేసినప్పుడల్లా గయ్యిమనేది. మళ్ళీ తగ్గించింది. మార్చినకొద్దీ పెట్టె గొంతు కమ్మగా అయ్యింది. పాలు పోసే ఆయన ముట్టినా పలికింది. మా ఆయన ముడితే, ఆయన పాటకన్నా నయంగానే పాడింది. రామమ్మ చెయ్యి పెడితే మాత్రం, టక్... టక్... నేనైతే దాన్ని మేడ మీది నుంచి విసిరేసేదాన్ని.

ఒక సాయంత్రం మబ్బు కాస్త విడిచి, నీళ్ళ ట్యాంకు పక్కన ఎర్రటి ఎండ పడింది. నేను ఆరేసిన బట్టలు తీస్తున్నాను. భాను, వాళ్ళమ్మ అరచేతిలో కరెంటు పారుతుందో లేదో చూపే మీటరు తీగలు రెండూ ఆనించి చూస్తోంది. మీటరు ముల్లు కదల్లేదు. తన చేతిలో పెట్టుకుంది, కదిలింది. మళ్ళీ తల్లి చేతిలో పెట్టింది. ముల్లు ఉన్నచోటే ఉంది.

"ఏమైందే?"

"లోపం ఇన్ని దినాలు పెట్టెల దేవులాడిన ఆంటీ," అంది భాను తలెత్తకుండా. "పెట్టెల లేదు. అమ్మ చేతులే కాయలు గాసి ఎండుకపోయినయి. కరెంటు పోతలేదు."

ఆ చేతులు నేను ఎరగనివా? సిమెంటు తిని, కంకర తిని, ఇటుక గరుకు తిని, తోలు మీద తోలు పేరుకుపోయిన చేతులు. నా ఇంటి స్లాబు మోసిన చేతులు.

"ఈ పెట్టె ఊరందరి చేతులు గుర్తువడ్తది. మా అమ్మ చేతులే గుర్తువడ్తలేదు," అని భాను ఏడ్చేసింది. రామమ్మ ఆ చేతులతోనే కూతురి కళ్ళు తుడిచింది.

నేను ఊరుకుంటానా? "కొబ్బరినూనె రాయవే, మెత్తవడ్తయి," అన్నాను. మన ఇళ్ళల్లో కొబ్బరినూనెకు లొంగనిది ఏముంది! సీసా నేనే ఇచ్చాను. ఇక రోజూ పొద్దుగూకే వేళ భాను తల్లి చేతులు ఒళ్ళో పెట్టుకుని నూనె మర్దన చేసేది. రామమ్మ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునేది. నారాయణగూడ వైపు నుంచి బస్సుల హోరు ఎక్కడో నిద్రలో విన్నట్టు వచ్చేది. నేను పని లేకపోయినా మేడ మీదికి పోయి కూర్చునేదాన్ని. వాళ్ళిద్దర్నీ అలా చూస్తుంటే కిందికి పోబుద్ధి అయ్యేది కాదు.

తీరా చెయ్యి పెట్టి చూస్తే, ఆ టక్కు కూడా పోయింది. నూనె మీద కరెంటు పారదట. నాకేం తెలుసు!

"పోనీ కొంచెం తడి చేసుకుని పెడితే?" అన్నాను.

"అమ్మో, వద్దాంటీ. తడి చెయ్యి వెట్టొద్దని మా దుకాణంల మొదటి పాఠమే గది. సందుల నుంచి చుక్క దిగితే లోపలంత ఖతం." అంటూనే మూతను ఇంకోసారి పొడిబట్టతో తుడిచింది.

బతుకమ్మ పండుగ రానే వచ్చింది. సద్దుల రోజు భాను పెట్టె మీద తువ్వాలు కప్పేసి, చిక్కడపల్లి మార్కెట్టు నుంచి తంగేడు, గునుగు, బంతి తెచ్చి అమ్మ ముందు పోసింది. పెట్టె ఊసే ఎత్తలేదు. మధ్యాహ్నం నేను సత్తుపిండి గిన్నె తీసుకుని పైకి పోయేసరికి, రామమ్మ బతుకమ్మను పేర్చి, పసుపు తడిపి గౌరమ్మను చేస్తోంది. మోచేతుల దాకా పచ్చగా ఉంది. తమలపాకు మీద గౌరమ్మను నిలబెట్టి దండం పెట్టుకుంది. తర్వాత లేచి, ఆ చేతులతోనే మూలనున్న పెట్టె దగ్గరికి పోయి తువ్వాలు తీసింది.

నాకు అర్థమైంది. కొత్త వస్తువు, బిడ్డ చేత్తో చేసింది. పండుగ పూట దాన్ని బొట్టు లేకుండా ఉంచుతుందా?

"అమ్మా! తడి చెయ్యే! ముట్టకు!" అని భాను పూలబుట్ట వదిలేసి ఉరికింది.

బొట్టు పెట్టేటప్పుడు రామమ్మ ఎవరి మాటా వినదు. ఒక రేకుకు పసుపు రాసింది. రెండో రేకుకు రాయబోతూ వేళ్ళు రెండింటి మీదా ఆనించింది.

పెట్టె పలికింది.

టక్కుమనలేదు. సన్నగా మొదలై, గది నిండింది. రామమ్మ ఉలిక్కిపడి చెయ్యి తీసింది. ఆగిపోయింది. మళ్ళీ పెట్టింది. ఒత్తింది, పైకి పోయింది. వదిలింది, జారింది. ఆ జారుడు మా ఎవరి చేతుల్లోనూ రాలేదు. రామమ్మ నోరు తెరిచి బిడ్డ వైపు చూస్తోంది. నా చేతిలో సత్తుపిండి గిన్నె ఉన్న సంగతే మర్చిపోయాను.

"తడి... తడే గావాలె ఆంటీ," అంది భాను. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "తడి తగలొద్దని నేనే తుడుసుకుంట గూసున్న!"

పొద్దుగూకేసరికి పెట్టెను కిందికి దించి, గల్లీలో బతుకమ్మల పక్కన స్టూలు మీద పెట్టాం. పక్కన పసుపు నీళ్ళ గిన్నె. ఆడవాళ్ళంతా ఇదేం విచిత్రమని మూగారు. పక్కింటి నాగశ్రీ కిసుక్కుమంది కూడా. రామమ్మకు సిగ్గు ముంచుకొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా కూర్చుంది, అందరి వైపు ముఖం పెట్టి. ఇంతలో ఎవరి కాలో తగిలి గిన్నె ఒలికింది. పసుపు ఆరిపోతే పెట్టె మళ్ళీ టక్కుమంటుందని, భాను చెంబుతో నీళ్ళు తేవడానికి పైకి పరుగెత్తింది. హారతి పళ్ళెం మర్చిపోయానని నేనూ వెనకే పోయాను.

భాను బిందెలో చెంబు ముంచి లేచింది. అప్పుడు కింది నుంచి వచ్చింది.

కింది నుంచి మొదలై, పైకి లేచి, చివర్న జారింది. అందులో అక్షరం లేదు, పేరు లేదు. అయినా ఈ పిల్ల పిట్టగోడ మీదికి వంగి, "వస్తున్ననే!" అని గల్లీ అదిరిపోయేట్టు అరిచింది.

అరిచాక తెలివి వచ్చింది. ఆ పిలుపు వినక ఎంత కాలమైందో ఇద్దరికీ ఒక్కసారే గుర్తుకొచ్చింది. భాను చెంబు పట్టుకుని మెట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు. ఎందుకు ఆగాలి?

కింది నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది. ఈసారి కాస్త కోపంగా, పొడుగ్గా.

"ఏడ్సుడు తర్వాత గానీ, పోవే! మీ అమ్మ పిలుస్తున్నది," అని కసిరాను.

చిన్నప్పుడు ఎన్ని పిలుపులకూ కదలని పిల్ల, తడి తగలొద్దని అమ్మ చేతులు తుడిచిన పిల్ల, చెంబులో నీళ్ళు మెట్ల నిండా ఒలకబోస్తూ ఉరికింది. నేను కళ్ళు తుడుచుకుని, పళ్ళెం పట్టుకుని, ఆ తడి మెట్ల మీద ఒక్కొక్క అడుగే వేసుకుంటూ దిగేసరికి రామమ్మ పాట ఎత్తేసింది. గల్లీ ఆడవాళ్ళంతా అందుకున్నారు.