జ్వరానికి మట్టపల్లి, కాలు విరిగితే శ్రీశైలం

చలి ఇంకా పూర్తిగా పోనేలేదు, సూర్యాపేటలో మా బిడ్డ ఇంట్లో అప్పుడే ఎండాకాలం సెలవుల మాట మొదలైంది. ఇప్పటినుంచే బుక్ చేసుకోకపోతే రూములు దొరకవట. మా అల్లుడు ఫోన్ పట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. అందులో ఊరి పేరు కొడితే చాలు, ఏ నెలలో పోతే బాగుంటుందో, ఏ నెలలో జనం తొక్కిడి ఉంటుందో, ఏ నెలలో తడిసి ముద్దయి ఇంటికొస్తామో అన్నీ రంగులేసి చూపిస్తుందట. పచ్చరంగు ఉంటే పోవచ్చు, ఎరుపు ఉంటే ఆగాలి, చౌరస్తాలో సిగ్నల్ లైటు లాగే. మా మనవరాలికి కొండలు కావాలి, మా బిడ్డకు చల్లగా ఉండాలి, అల్లుడికి కారు పెట్టుకునే జాగా ఉంటే చాలు, ఏ ఊరైనా ఫరవాలేదు. అందరూ తలా ఒకటి చెప్పి, తెగక, చివరికి నా మొహం చూశారు.

“నాన్నా, నువ్వు చెప్పు. నువ్వు ఏడికంటే గాడికే పోదాం,” అంది మా బిడ్డ.

ఈ ప్రయాణం నా కోసమేనని నాకు తెలుసు. పోయిన వానాకాలంలో వాళ్లమ్మ పోయినప్పటి నుంచి నేను మిర్యాలగూడలో ఇల్లు కదలకపోతే, నన్ను బలవంతాన తెచ్చి ఇక్కడ పెట్టుకున్నారు. మామూలుగా అయితే ఇలాంటి చోట ఒక నవ్వు మాట వేయకుండా నా నోరు ఊరుకోదు. ఆ రోజు ఏదీ రాలేదు. చాయ మీద మీగడ కడుతుంటే దాన్ని చూస్తూ కూర్చున్నాను. చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుని లేచినప్పుడు ఆ చెయ్యి మనది కానట్టు, గిచ్చినా తెలియనట్టు ఉంటుంది చూడండి, నాకు లోపల అట్లా ఉండబట్టి చాలా నెలలైంది.

ఎటు పోదామని ఇంట్లో ఒకరినొకరు అడిగే కాలం కాదు మనది. నా ఈడువాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. మనిషి ఊరు దాటాలంటే కారణం ఉండాలి. పెళ్లో, చావో, దవాఖానో, కోర్టో, కాకపోతే మొక్కో. ఊరికే చూసి రావడానికి పోతున్నానని ఎవరైనా అంటే, పాపం వీడికి ఏమైందోనని ఇంటికొచ్చి పలకరించి పోయేవారు. నేను ఏడో తరగతిలోనే బడికి ఒక దండం పెట్టి, మాస్టారు కూడా సంతోషంగా తిరిగి దండం పెట్టగా, వేములపల్లి నుంచి వచ్చి మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కుదిరాను. బాయిలర్ దగ్గర పని. పొయ్యిలోకి ఊక ఎగదోస్తూ ఉండాలి, మంట ఆరకూడదు. పిల్లలకు ఎండాకాలం సెలవులు వచ్చేసరికి సరిగ్గా యాసంగి వడ్లు వచ్చి పడేవి. మిల్లులో పని పలచబడే రోజుల్లో పిల్లలకు పరీక్షలు. కాలువకు నీళ్లు వదిలే రోజును బట్టి నాట్లు, నాట్లను బట్టి కోతలు, కోతలను బట్టి నా సెలవు. ఆ నీళ్లు వదిలేవాళ్లకు మా పిల్ల ఏ తరగతో ఏం తెలుసు?

మా సేటు మంచివాడే గాని, సెలవు అనే మాట పడగానే ఆయనకు చెవుడు వచ్చేది. మేనమామ పెళ్లంటే భోజనం చేసి వచ్చెయ్యమనేవాడు. ఆయన భయపడేది ఒక్క మొక్కుకే. మొక్కు తీర్చడానికి పోయేవాణ్ణి ఆపితే ఆ పాపం వచ్చి మిల్లుకు చుట్టుకుంటుందని ఆయన తల్లి ఎప్పుడో చెప్పి పెట్టింది. ఎన్నో ఏళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్నా ఈ సంగతి నేను కనిపెట్టలేకపోయాను. మా ఆవిడ కాపురానికి వచ్చిన కొన్నాళ్లకే కనిపెట్టింది.

ఆమెది కోదాడ పక్కన పల్లె. మేము పోదాం అంటే ఆమె వెళ్దాం అనేది. అటు విజయవాడకు, ఇటు హైదరాబాదుకు పోయే బస్సుల్ని చూస్తూ పెరిగిన మనిషి కదా, ఎవరెవరో ఎక్కడికెక్కడికో పోతుంటే తాను మాత్రం గడప దగ్గర నిలబడటం ఆమెకు చిన్నప్పటి నుంచీ నచ్చలేదు. మా బిడ్డ నడక నేర్చే రోజుల్లో జ్వరం వచ్చి ఎంతకూ తగ్గకపోతే, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల కట్టి, మట్టపల్లి నరసింహస్వామికి మొక్కుకుంది. జ్వరం దిగింది. గోలీలతో దిగిందని నేను, స్వామి దించాడని ఆమె, చాలాకాలం పోట్లాడుకున్నాం. సేటు ముందు నేను తల గోక్కుంటూ నిలబడి ఉంటే, ఆమె నా వెనక నుంచి ముందుకొచ్చి, “స్వామికి ముడుపు కట్టాం సేటూ. ఆలస్యమైతే మీకూ మాకూ మంచిది కాదు,” అంది. సేటు నా మొహం కూడా చూడలేదు. “పోయి రాండ్రి తల్లీ. నా పేరు మీద గూడ ఒక కొబ్బరికాయ కొట్టుండ్రి,” అన్నాడు.

మట్టపల్లిలో దర్శనం ఇట్టే అయిపోయింది. ఆ తర్వాత ఆమె కృష్ణ ఒడ్డున మెట్ల మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో వేలాడేసి, తెచ్చుకున్న పులిహోర తింటూ, పొద్దు వాలేదాకా లేవలేదు. బస్సు పోతుందని నేను గోల పెడితే, “ఉండవయ్యా, ఇంకా మొక్కు తీరలేదు,” అంది. మొక్కు ఎక్కడుందో, షికారు ఎక్కడుందో నాకు అప్పుడు తెలిసింది.

ఇక అక్కడి నుంచి ఆమె ఒక పద్ధతి పెట్టింది. జబ్బు ఎంతో దూరం అంత. దగ్గుకూ జలుబుకూ వాడపల్లి చాలు. జ్వరానికి మట్టపల్లి. టైఫాయిడ్‌కు భద్రాచలం. నేను మిల్లులో నిచ్చెన మీది నుంచి జారి కాలు విరగ్గొట్టుకుంటే శ్రీశైలం. చిన్న జబ్బుకు దూరపు దేవుణ్ణి మొక్కితే ఆయన అనుమానిస్తాడట, పెద్ద జబ్బుకు దగ్గరి దేవుణ్ణి మొక్కితే చిన్నబుచ్చుకుంటాడట. కాలికి కట్టు కట్టించుకుని మంచంలో ఉన్నప్పుడు, ఇంకో కాలు కూడా విరిగి ఉంటే తిరుపతి చూసొచ్చేవాళ్లం కదా అని నేనంటే, ఆ కట్టు మీదనే ఒకటి తగిలించింది. మా బిడ్డ సంగతి ఇంకా అన్యాయం. ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, “అమ్మా, ఈసారి రైలెక్కిపోయే దేవునికి మొక్కవే,” అని మంచంలో నుంచే అడిగేది.

మెల్లగా వీధిలో ఆడవాళ్లందరికీ ఆమే దిక్కయింది. మాతోపాటు మిల్లులో వడ్లు ఆరబోసే లంబాడీ అక్క ఒకామె ఉండేది. కొడుక్కి పచ్చకామెర్లు తగ్గాక వచ్చి, “మొక్కుకున్న గని, ఏ దేవునికో చెప్పలేదు చెల్లే. ఎవరైతే మంచిగుంటరు?” అని అడిగితే, మా ఆవిడ నవ్వకుండా, “నీకు నీళ్లు చూడాలనుందా, కొండ చూడాలనుందా?” అని అడిగింది. ఆ అక్క ఏనాడూ తనకేం చూడాలనుందో ఎవరూ అడగనట్టు మా ఆవిడకేసి చూసి, “కొండనే,” అని చిన్నగా చెప్పింది.

ఎప్పుడు పోవాలన్న దానికి కూడా ఆమెకు ఒక పట్టు ఉండేది. జాతర రోజుల్లో, కల్యాణం రోజుల్లో గడప దాటనిచ్చేది కాదు. అంతా అయిపోయిన వారానికి బయలుదేరదీసేది. అప్పటికి పందిళ్లు ఇంకా విప్పరు, చెట్లకు బల్బుల దండలు అట్లాగే వేలాడుతుంటాయి, గాజుల దుకాణం వాడు మిగిలిన సరుకు సర్దుకుంటూ తీరిగ్గా కబుర్లు చెబుతాడు, పూజారి పేరు పేరునా అడుగుతాడు. “పెళ్లి సందడిలో వెళ్తే నిన్నెవరు పట్టించుకుంటారయ్యా? అందరూ వెళ్లిపోయాక వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడతారు,” అనేది. భద్రాచలంలో మేము పోయేసరికి పందిరి గుంజలు పీకుతున్నారు. వాళ్ల పక్కనే గోదావరికేసి చూస్తూ ఆమె ఎంత సేపు నిలబడిందో, గుంజలు పీకేవాళ్లు తమను కాపలా కాస్తుందేమోనని ఇబ్బంది పడ్డారు.

మిగిలిపోయింది ఒక్క సముద్రం. గోదావరి పోయి సముద్రంలో కలిసే చోట అంతర్వేదిలో నరసింహస్వామి ఉన్నాడని భద్రాచలంలోనే ఎవరో ముసలమ్మ చెప్పింది. అప్పటి నుంచి ఆ ఊరు మా ఆవిడ మనసులో ఉండిపోయింది. కానీ అంత దూరానికి తగిన జబ్బు మా ఇంట్లో ఎవరికీ రాలేదు. “జర ఆగు, నీ సముద్రం కోసం నేనే ఒక గట్టి జబ్బు తెచ్చుకుంట,” అని నేను ఆటపట్టిస్తే, “నోరు కడుక్కో. ఆ ఊరు అక్కడే ఉండనీ. దానితో మనకు పనిపడకూడదు,” అనేది. మా బిడ్డ పెళ్లయ్యాక విశాఖపట్నం పోతూ రమ్మని బతిమాలింది. ఈమె రాలేదు. “ఊరికే ఎట్లా వస్తానే? ఏమని చెప్పి రాను?” అంది. అప్పటికి నేను మిల్లు మానేశాను, సేటును అడిగే పని కూడా లేదు. అయినా రాలేదు.

పోయిన ఎండాకాలంలో కడుపులో నొప్పి అంది. ఊళ్లో మందులు వాడాం, తగ్గలేదు. పెద్ద దవాఖానకు తీసుకుపోతే డాక్టరు నన్నూ బిడ్డనూ బయటికి పిలిచి చెప్పాడు. ఆమెకు చెప్పవద్దని మేమిద్దరం అక్కడ కారిడార్‌లోనే అనుకున్నాం. చిన్న గడ్డ, మందులతో కరుగుతుందన్నాం. మా బిడ్డ బాగానే చెప్పింది, నేను ఇంకా బాగా చెప్పాను. ఎప్పుడూ నవ్వించేవాడి మాట నమ్మడం తేలిక. ఆమె నమ్మింది, ఇడ్లీ తిన్నది, పక్క మంచం ఆమె ఊరూ పేరూ కనుక్కున్నది.

తన కోసం తాను మొక్కుకోవడం ఆమెకు ఏనాడూ లేదు. అందుకని ఆ సాయంత్రం నేనే, బతుకులో మొదటిసారి, దుకాణంలో గుడ్డ ముక్క కొని, పసుపులో ముంచి, రూపాయి బిళ్ల పెట్టి ముడుపు కట్టాను. ముడి సరిగా పడలేదు. మంచం దగ్గరికి తీసుకుపోయి, ఆమె మొహం వెలిగిపోతుందనుకుంటూ, “నీకు తక్కువైనంక అంతర్వేది పోదాం. నేను మొక్కిన,” అన్నాను.

ఆమె ముడుపు చేతిలోకి తీసుకుంది. నా వదులు ముడిని విప్పి, మళ్లీ తానే గట్టిగా కట్టింది. కట్టాక నా వైపు చూసింది.

“అంత దూరమా?” అంది.

డాక్టరు ఆమెకు చెప్పని మాట, మేమిద్దరం దాచిన మాట, నేను ఊరి పేరుతో చెప్పేశాను. ఆమే నా చెయ్యి తట్టి, “మట్టపల్లి అంటే సరిపోయేది కదయ్యా,” అని, గోడ వైపు తిరిగి పడుకుంది.

కాలువకు నీళ్లు వదిలి, నాట్లు పడుతున్న రోజుల్లో పోయింది. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాను, చాయలు పోయించాను, వానకు తడవకుండా చెప్పులు లోపల పెట్టించాను. ముడుపును ఇంట్లో దేవుడి గూటి పక్కన మేకుకు తగిలించాను. దినాలకు వచ్చిన మా అక్క దాన్ని చూసి, “మొక్కింది జరగలే గదరా తమ్మీ. ఇగ నువ్వు పోయే పనిలేదు, తీసెయ్,” అంది. ఆమె అన్నది న్యాయమే. తక్కువైతే వస్తామన్నాం, తక్కువ కాలేదు, ఇచ్చిపుచ్చుకునేది ఏమీ లేదు. అయినా తియ్యలేదు, పోనూ లేదు. రోజూ దాని కింద నుంచే వంటింట్లోకి పోయి అన్నం పెట్టుకునేవాణ్ణి.

ఇదంతా తలుచుకుంటూ సూర్యాపేటలో చాయ ముందు కూర్చున్నవాణ్ణి, “అంతర్వేది,” అన్నాను.

మా బిడ్డ తల ఎత్తింది. అల్లుడు ఫోన్‌లో వెతికి, “మామా, ఎండాకాలం గాడ ఉక్క. ఎరుపే చూపిస్తుంది,” అన్నాడు.

“ఎండాకాలం ఎవరన్నరు? స్వామి కల్యాణం మొన్ననే అయిపోయింది. వచ్చే వారం పోదాం. పందిళ్లు ఇంకా విప్పి ఉండరు.”

అల్లుడు మళ్లీ ఫోన్ చూసి, నిజమే, వచ్చే వారం పచ్చరంగు ఉందన్నాడు. మా బిడ్డ మాత్రం నన్నే చూస్తూ, మెల్లగా, “మొక్కింది జరగలే గద నాన్నా,” అంది.

“మొక్కు కాదు బిడ్డా. ఊకెనే.”

ఆమె కళ్లు తుడుచుకుని, పిల్ల బడి సంగతి ఎత్తిన అల్లుడితో, “రెండు రోజులు బడి పోతే ఏం గాదు. మా నాన్న లెక్క ఏడో తరగతిల ఆపేస్తున్నమా ఏంది,” అంది. నేను నవ్వాననుకుంటాను. మొహం కదిలింది.

మా మనవరాలు వచ్చి నా పక్కన కూర్చుని, అమ్మమ్మ ఎప్పుడూ సముద్రం ఎందుకు చూడలేదని అడిగింది. మా ఇంట్లో ఎవరికీ అంత పెద్ద జబ్బు రాలేదమ్మా, అందుకని, అన్నాను. తాత మళ్లీ జోకులు మొదలుపెట్టాడని సంబరపడి, పడీ పడీ నవ్వింది. నవ్వనిచ్చాను.

పోయే ముందు మిర్యాలగూడ ఇంటి నుంచి ముడుపు తెచ్చి సంచిలో పెట్టుకుంటాను. హుండీలో వేస్తానో, నీళ్లలో వేస్తానో, మళ్లీ తెచ్చి ఆ మేకుకే తగిలిస్తానో అక్కడికి పోతేగాని తెలియదు. పోతే ఈ తిమ్మిరి వదులుతుందన్న ఆశ కూడా నాకు పెద్దగా లేదు. ఇప్పటి పిల్లలు ఒళ్లు బాగుండగానే, ఇంట్లో అందరూ ఉండగానే, పచ్చరంగు చూసుకుని బయలుదేరుతున్నారు. మంచిదే, అట్లాగే పోవాలి. మన కాలంలో మాత్రం ఏం తక్కువ? మిర్యాలగూడలో అప్పుడూ రైలుంది, కోదాడలో బస్సుంది, సముద్రం కూడా ఇప్పుడున్న చోటే ఉంది. ఊరికే పోవచ్చని మాత్రం మాకెవరూ చెప్పలేదు.