బాలింతకు శొంఠి

ఆ యేడు క్రిస్మస్ అంటేనే నాకు ఒళ్ళు మండింది. కాగితం నక్షత్రం ఎవరు కట్టాలని సంఘపెద్దలు కొట్టుకుంటుంటే, పాదిరిగా సర్దిచెప్పి సర్దిచెప్పి గొంతు పోయింది. పండగ ముందునాడు నేనెక్కిన కోడుమూరు బస్సేమో ఇంజను వేడెక్కి దారిలో ఆగింది. పక్కనున్న ముసలమ్మ ఒళ్ళో మూట ఒకటే కంపు.

"ఏందమ్మా ఇది?" అని విసుక్కున్నాను.

"శొంఠి, బెల్లం, తెల్లగడ్డలప్పా. బాలింతకు. మా గుడికి తీసకపోతాండా."

"గుడిలో బాలింత ఎవరు?"

"మరియమ్మ. ఈ సలిలో పశువుల కొట్టంలో కనింది. అందరూ బిడ్డనే సూస్తారు. ఆయమ్మకు ఏం పెట్టినారో ఎవురూ అడగరు."

"అదెప్పుడో జరిగిపోయిందమ్మా!" అని కసిరాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "పుట్టినాడు, పుట్టినాడని ఏటేటా పాడతాండారు కదప్పా. మరి అదంతా అబద్దమా?"

"అబద్దమని కాదమ్మా..." అంటూ దగ్గాను. నా గొంతు బొంగురు విని, ఆమె శొంఠి ముక్కొకటి తీసి నా చేతిలో పెట్టింది.

మరునాడు ఆ ముక్క బుగ్గన పెట్టుకుని ప్రసంగానికి నిలబడ్డాను. "పుట్టినాడు" అనే మాట దగ్గరికి వచ్చేసరికి, పక్కగదిలో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు, నా గొంతు దానంతటదే తగ్గింది.