బాయిలర్ ఎర్రన్న ఇంటర్వ్యూ

జక్రాన్‌పల్లి శిరీష బోధన్‌లో బతికున్నవాళ్లందరినీ ఇంటర్వ్యూ చేసేసింది, ఇక చచ్చినవాళ్ల వంతే మిగిలింది! నమ్మకపోతే మిల్లు క్వార్టర్లలో ఎవరినైనా అడగండి. పబ్లిక్ పాలసీలో పీజీ చదివే ఈ పిల్ల మూతపడ్డ చక్కెర మిల్లు మీద థీసిస్ రాస్తోంది. గోళ్ల అంచుల్లో ఇంటి పసుపు వదలని వేళ్లతో ఫోను నేలమీద పెడుతుంది. రికార్డు చేసుకోవడానికి అనుమతి అడిగి, ప్రశ్న వేసి, రెప్ప వేయకుండా కూర్చుంటుంది. ఆ మౌనానికి జడిసి మొండివాళ్లు కూడా నోరు విప్పుతారు. మిల్లు ఆగిన రోజు లోపలేం జరిగిందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. అది లేకుంటే థీసిస్ చెల్లదని గైడు సారు తేల్చేశాడు. ఆ రోజు బాయిలర్ ఆర్పిన ఎర్రన్నేమో ఎప్పుడో పోయాడు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, ఇంటికొచ్చిన శిరీష ప్రశ్నలకు ఆయన భార్య తారాబాయి విసిగిపోయి, మూలనున్న ఆయన ఖాళీ కుర్చీ చూపించింది. "నన్నెందుకు సతాయిస్తవు బిడ్డా? గాయన్నే అడుగుపో!"

వేళాకోళానికే అంది. శిరీష మాత్రం కుర్చీ ముందుకు జరిగి కూర్చుంది.

"రికార్డు చేస్కోవాల్నా, బాపూ?"

కుర్చీ కిర్రుమంది. మిల్లు చల్లారి ఏళ్లయినా, ఇల్లంతా చెరకుపాకం వాసన కమ్ముకుంది. శిరీష ప్రశ్న వేసింది, తల వంచి చాలాసేపు విన్నది, ఫోను తీసుకుని లేచింది. తారాబాయి చాయ్ గ్లాసు పక్కన పెట్టి వెంట వచ్చింది.

"మా ఆయన అంతా చెప్పిండా, బిడ్డా?"

శిరీష గడపలో చెప్పులేసుకుంటూ అంది: "ఇంటర్వ్యూ నేను చెయ్యలే, అవ్వా. మిల్లు మళ్ల ఎప్పుడు తెరుస్తరని ఆయనే నన్ను అడిగిండు."