కరెంటు పోయిందన్నారు

ఎవరైనా కరెంటు పోయిందంటే ఇప్పటికీ నా చేయి మణికట్టు మీదికే పోతుంది.

చిట్టమూరు దాటాక గాలివానకు తెగిన కరెంటు తీగ మా బస్సు మీద పడింది. రోడ్డు పక్క టీకొట్టులో ఫ్యాను ఆగిపోయింది.

"కరెంటు పోయింది, దిగండి," అన్నాడు కండక్టరు. తలుపు దగ్గర నిలబడిన నేను దిగబోయాను. వెనకనుంచి ఒక పెద్దాయన నా మణికట్టు పట్టుకుని లోపలికి లాగాడు.

"కొట్లో పోయింది. తీగలో పోయిందని ఎవురు చెప్పినారమ్మా? ఒక కాలు బస్సులో, ఒక కాలు నేల మీద పెడితే బతకవు."

పైన రేకు మీద తీగ గీసుకుంటూనే ఉంది. ఆయన రెండో చేత్తో సబ్‌స్టేషనుకు ఫోన్ చేసి, పాత లైన్‌మన్‌నని చెప్పాడు. లైను ఆపామని వాళ్లు చెప్పేదాకా నన్ను వదల్లేదు.

"ఇంక దిగు తల్లీ."

దిగాక చూసుకుంటే, మణికట్టు మీద ఎర్రగా కందిన అచ్చులు రెండే వేళ్లవి.