తెల్ల పిట్టలకు తిండి వేయనివ్వని పెద్దబాపు

మా పెద్దబాపు, అంటే మా నాయనకు స్వంత అన్న, ఈ చలికాలం చివర కన్నుమూశారు. నేను వర్క్‌షాపులో డ్యూటీలో ఉండగా ఫోనులో కబురు వచ్చింది. గ్రీజు చేతులు గుడ్డతో తుడుచుకుని, ఫోర్‌మన్‌కు చెప్పి, బండి నిలిపిన చోటు దాకా నడిచాను. ఆ నడక గుర్తుంది. మనసులో ఏమున్నదో గుర్తులేదు. ఏమీ లేదనే అనుకుంటాను.

ఆయన గనిలో బొగ్గు నింపిన మనిషి. రిటైరయ్యాక, చలికాలం వస్తే చాలు, ఉదయం గోదావరి ఒడ్డుకు పోయి తెల్ల పిట్టలను చూసేవారు. సెలవు రోజుల్లో నన్నూ వెంట తీసుకుపోయేవారు. నేను ఉద్యోగం చేస్తూ రాత్రి కాలేజీలో చదివి డిగ్రీ పట్టా పొందినవాడిని. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. అందుచేత ఆ పిట్టల సంగతి గ్రంథాలయంలో వెతికి ఆయనకు వివరించే బాధ్యత నాదేనని భావించాను.

అవి సీగల్ పక్షులని, సముద్రతీరాల వెంట బతికే జాతి అని చెప్పాను. హిమాలయాలకు ఆవల ఎత్తైన సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి పొదుగుతాయని, అక్కడి నీరు గడ్డకట్టక ముందే దక్షిణానికి ఎగిరివస్తాయని, చాలావరకు సముద్రానికి చేరినా కొన్ని మన నదుల మీదే ఆగిపోతాయని విడమరిచాను. ఆయన బీడీ ఆర్పి చెవిలో పెట్టుకున్నారు.

“గంత దూరం నుంచి గీ గోదాట్ల చేపల కోసమా? మరి సముద్రం దాకా ఎందుకు పోలేదురా?”

“ఇక్కడే తిండి దొరికింది గద, పెద్దబాపూ.”

“గట్లనా. నేనూ పట్నం పోదామనే బయలెల్లిన. ఈడ గనిల పని దొరికింది,” అని నవ్వారు. “చూస్తివా పట్టా సారూ, నీ బుక్కుల నా ముచ్చట గూడ రాసిండ్రు.”

చలికాలం ముగిసే ముందు ఆ పక్షుల తెల్లని తల ముదురు గోధుమరంగుకు మారుతుంది. గుడ్లు పెట్టే కాలం దగ్గరపడిందనడానికి అది గుర్తు. ఆ రంగు కనబడగానే పెద్దబాపు, “మొకాలకు మసి పట్టింది. షిఫ్టు అయిపోయింది, ఇగ ఇంటికి పోతయి,” అనేవారు.

ఆయనకు కోపం తెప్పించే పని ఒకటే ఉండేది. వంతెన మీద బండ్లు ఆపి, ఫోటోల కోసం పిట్టలకు మిక్చర్, బూంది విసిరేవారు జనం. పక్షులు గుంపుగా వచ్చి గాలిలోనే అందుకునేవి. పెద్దబాపు అడ్డం పోయేవారు.

“ఒద్దు బిడ్డా, గవి చేపలు పట్టుకొని తినేటియి. గీ నూనె తిండి మరిగితే పోయేటప్పుడు గుట్టలెట్ల దాటుతయి?”

ఒకసారి ఒక యువకుడు, “నీ పిట్టలా తాతా? గని కంపెనీ రాసిచ్చిందా?” అన్నాడు.

“కంపెనీ నాకు మోకాళ్ల నొప్పి రాసిచ్చింది కొడుకా. పిట్టలను రాసియ్యలే. అందుకే ఒద్దంటున్న,” అన్నారు. ఆ యువకుడు నవ్వి పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూడొద్దుల నాడు, అంటే ఆయన పోయిన మూడోరోజున, ఆ ఒడ్డుకే వెళ్లాము. మావైపు ఆ రోజు పిట్టకు పెడతారు. చనిపోయినవారికి ఇష్టమైనవి విస్తరిలో పెట్టి దూరంగా జరిగి నిలబడితే, కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందని నమ్మకం. అన్నం, కోడికూర, ఉడికించిన గుడ్డు, బీడీ కట్ట పెట్టాము. పెద్దమ్మ షుగర్ మనిషి. ఆయనకు ముట్టనిదే తాను ముట్టనని, పొద్దున్నుంచి తిండీ లేక గోలీ లేక ఇసుకలో కూర్చున్నది.

కాకి రాలేదు. ఒకటి వచ్చి కరెంటు స్తంభం మీద కూర్చుని, వెళ్లిపోయింది. “బాపూ, నీ మనుమరాలి సదువు ఆపం,” అని ఆయన కొడుకు గట్టిగా మాట ఇచ్చాడు. “అన్నా, అమ్మను మంచిగ చూసుకుంటం,” అన్నాడు మా నాయన. ఎండ పెరిగింది. పెద్దమ్మ చేతులు వణుకుతున్నాయి. నేను చూస్తూనే ఉన్నాను, సినిమా తెర మీద వేరెవరినో చూస్తున్నట్టు.

అప్పుడు ఆమె తమ్ముడు, “గా తెల్లయి ఆకలి మీదున్నయి. ఇసిరేస్తే చిటుక్కున అందుకుంటయి. ఏ పిట్టైతేంది, అక్క పానం పోతాంది గద!” అంటూ పిడికెడు అన్నం తీశాడు.

అందరూ నా వైపు చూశారు. ఆయన వెంట తిరిగినవాడిని నేనే. “పెద్దబాపు వాటికి ఎన్నడూ ఎయ్యనియ్యలే,” అన్నాను.

“చెయ్యి దించురా తమ్మీ,” అన్నది పెద్దమ్మ. “బతికినన్నాళ్లు ఒద్దన్న పనిని, ఆయన పేరు మీద చేస్తవా?”

కాకి ముట్టనప్పుడు గంగలో కలపడం కూడా మాలో ఉన్న పద్ధతే. ఆమె నా భుజం పట్టుకుని లేచింది. విస్తరి తీసుకుని నాతో పాటు మోకాళ్ల లోతు నీటిలోకి నడిచి, అన్నం మెల్లగా జారవిడిచింది. మెతుకులు అడుగుకు దిగుతుండగా చిన్న చేపలు మూగి కొరకసాగాయి. మేము ఒడ్డుకు వచ్చి నిలబడ్డాము. కాసేపటికి ఒక తెల్ల పిట్ట కిందికి వాలి, రెక్కలు తడవకుండా, ముక్కుతో మాత్రం నీటిని తాకి ఒక చేపను ఎత్తుకుపోయింది.

“ముట్టింది,” అన్నది పెద్దమ్మ.

“అది చేపను ముట్టిందక్కా, అన్నాన్ని గాదు,” అన్నాడు తమ్ముడు.

“గా చేప కడుపుల ఎవ్వలన్నమున్నదిరా?”

కోడలు డబ్బా తెరిచి ఆమెకు ఇడ్లీ తినిపించింది. ఆమె ఏడుస్తూ నమిలింది. నాకు ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాలేదు. నీళ్ల మధ్య ఇసుకదిబ్బ మీద తెల్ల పిట్టలన్నీ ఉత్తరపు గాలికి ఎదురుగా ముఖాలు పెట్టి, ఒక్క ఈక చెదరకుండా కూర్చుని ఉన్నాయి.