ఇరవై అయిదో ముక్క

మొన్న ఆదివారం కరీంనగర్‌లో మా బిడ్డ వాళ్ల వంటింట్లో పోయినవి లెక్కపెడితే ఇవి తేలాయి: పెద్ద చాక్లెట్ పలక ఒకటి, అందులో మూడు వంతులు మాడిపోయి, మిగిలిన వంతు మాడు వాసన పట్టి, గాజు గిన్నె ఒకటి, కాలుతుండగానే నల్లా కింద పెట్టినందుకు నిలువునా పగిలి, కొత్త గరిటె ఒకటి, మా మనవరాలి ఉత్సాహం మొత్తంగా. పిల్ల తన స్నేహితురాలి పుట్టినరోజుకు ఇంట్లోనే చాక్లెట్లు చేసిస్తానని, పలకను మైక్రోవేవ్‌లో పెట్టి, ఫోన్ చూస్తూ మరిచిపోయింది. మా బిడ్డ నవ్వేసి, అదే ఫోన్‌లో ఇంకో పలకకు ఆర్డర్ పెట్టింది. పిల్ల కళ్లు తుడుచుకునేలోపే అది గుమ్మం ముందుకు వచ్చేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మాడు వాసన నన్ను ఒక్కసారిగా మందమర్రిలోని మా పాత క్వార్టరుకు, బొగ్గుల పొయ్యి పక్కన పీట మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మా వదిన ముందుకు తీసుకుపోయింది.

మా బాపు బొగ్గు బావిలో పనిచేసేవాడు. ఆరేసి చొప్పున ఎదురెదురుగా పన్నెండు క్వార్టర్లు ఆనుకుని ఉండే లైనులో మాది మధ్య ఇల్లు. నేను ఏడో తరగతి దగ్గరే ఆగిపోయినా లెక్కలంటే ఎందుకో ప్రాణం, ఎవరూ నేర్పకుండానే పట్టుబడ్డాయి. ఎవరింట్లో పెళ్లి జరిగినా ఇంతమందికి ఎంత బియ్యం, ఎంత పప్పు అని నన్నే అడిగేవారు, ఇప్పటికీ అడుగుతుంటారు. అన్న పెళ్లైన ఏడాదికి దుబాయ్ వెళ్లాడు. వెళ్లిన కొద్ది వారాలకే వదినకు ఆడపిల్ల పుట్టింది. మీ బాపు ఎక్కడని అడిగితే ఆ పిల్ల గోడ మీది ఫొటో చూపించేది. ఫొటోకు అన్నం ముద్ద కూడా పెట్టబోయేది.

మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, దుబాయ్ నుంచి ఎవరు వచ్చినా, ఎవరితో సామాను పంపినా, ఆ ఇంటివాళ్లు లైన్లో ప్రతి గుమ్మానికీ వెళ్లి చాక్లెట్లు పంచడం అప్పట్లో ఆనవాయితీ. అది మిఠాయి పంచడం ఒక్కటే కాదు, మా మనిషి అక్కడ బాగున్నాడు, మమ్మల్ని మరిచిపోలేదు అని పదిమందికీ చెప్పుకోవడం. మా గుమ్మానికి అలాంటి చాక్లెట్లు చాలాసార్లు వచ్చాయి గానీ మా గుమ్మం నుంచి ఒక్కటీ బయటికి పోలేదు. వదిన వాటిని రెండు చేతులతో అందుకునేది, ఒక్కటి కూడా నోట్లో వేసుకునేది కాదు, అన్నీ పిల్లకే పెట్టేది. ఎదురింటి అత్తకు నోరు కాస్త ఎక్కువ. ఒకరోజు నల్లా దగ్గర అందరి ముందూ అనేసింది.

"ఏమే కోడలా, నీ మొగడు పనికే పోయిండా, ఎడారి చూసొస్తనని పోయిండా?"

అందరూ నవ్వారు, వదిన కూడా నవ్వింది. ఇంటికి వచ్చాక బిందె దించి, చాలాసేపు దాని అంచునే తుడుస్తూ కూర్చుంది.

పిల్లకు మూడో ఏడు పడే ముందు, మంచి చలికాలంలో, దుబాయ్ నుంచి సెలవుకు వచ్చిన సుల్తానాబాద్ దిక్కు ఆయన ఒకరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అన్న పంపాడని ఒక పొట్లమూ ఒక క్యాసెట్టూ ఇచ్చి వెళ్లాడు. పొట్లంలో ఇటుక మందాన ఉన్న చాక్లెట్ దిమ్మ, కిలో తూగేది. క్యాసెట్టు వినడానికి మాకు టేపు రికార్డరు లేదు, ఎదురింటి అత్తదే తెచ్చాం, ఆమె రికార్డరుతో పాటు తానూ వచ్చింది, ఆమె వెనుక సగం లైనూ వచ్చింది. అన్న అందరి మంచిచెడ్డలూ పేరుపేరునా అడిగాక, తాను పెద్ద బేకరీలో పనిచేస్తున్నానని, ఇది అక్కడి సరుకేనని చెప్పాడు.

"సన్నటి మంట మీద కరగవెట్టి, ముక్కలు చేసి, బిడ్డ పుట్టినరోజు లైన్ల ఉన్న పిల్లలందరికి పంచుండ్రి. ముందుగాల మా బిడ్డకే ఇయ్యుండ్రి. దాని బాపు పంపిండని చెప్పుండ్రి."

ఆ మాట లైనంతా విన్నది. ఇక వెనక్కి తగ్గడానికి లేదు. లైన్లో పిల్లలు ఇరవై ముగ్గురు, మా పిల్లతో ఇరవై నలుగురు. కిలో దిమ్మకు తలా నాలుగు ముక్కలు వస్తాయని నేను అక్కడికక్కడే చెప్పేశాను. పుట్టినరోజుకు ఒక్క రోజే ఉంది.

మా వదినది పాకంలో తిరుగులేని చేయి. నువ్వుల లడ్డూలకు గానీ పల్లీ పట్టీలకు గానీ లైనంతా ఆమెనే పిలిచేవారు, వేలితో తాకి చూసి పాకం ఎంతవరకు వచ్చిందో చెప్పేది. చాక్లెట్టునూ బెల్లం లాగే అనుకుంది. సగం దిమ్మను కత్తిపీట మీద తరిగి, గిన్నెలో వేసి, బొగ్గుల పొయ్యి మీద పెట్టింది. సెగ తగ్గాలని నిప్పుల మీద బూడిద కూడా కప్పింది. కానీ రాజుకున్న బొగ్గు బూడిద కప్పితే మాత్రం ఊరుకుంటుందా? పైన ముక్కలు ఇంకా ముక్కలుగానే ఉన్నాయి, అడుగున మాత్రం సన్నగా పొగ మొదలైంది. గబగబా దించి గరిటెతో కలిపేసరికి మాడు అంతా పైకి వచ్చి కలిసిపోయింది. వాసనకు ఎదురింటి అత్త వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది.

"ఏందే, మన తాన బొగ్గుకు కరువొచ్చిందా? దుబాయ్‌కెల్లి గూడ తెప్పిచ్చుకుంటున్నరు!"

వదిన ఈసారి నవ్వలేదు. మిగిలిన దాంట్లో సగం తీసి, నీళ్లు పోయనందుకే మాడిందనుకుని, బెల్లానికి పోసినట్టే నాలుగు చెంచాల నీళ్లు పోసింది. కరగడం మొదలైన చాక్లెట్ నీళ్లు తగలగానే బిగుసుకుని, తడి మట్టిలా గరుకుగా ముద్దకట్టింది. ఎంత కలిపితే అంత గట్టిపడింది. పావుకిలో మిగిలింది. తలా నాలుగు ముక్కలన్న నా లెక్క ఎప్పుడో పోయింది. వదిన ఆ పావుకిలోను కాగితంలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, ఇంక దీన్ని ముట్టుకోనని, రేపు అందరికీ ఏం మొహం చూపించాలని మెల్లగా అంది.

తెల్లారింది. ఆ రోజుల్లో మా దగ్గర చలి ఎట్లా ఉండేదంటే, కొబ్బరినూనె సీసాలో తెల్లగా గడ్డకట్టి బోర్లించినా చుక్క రాలేది కాదు. పుట్టినరోజని పిల్లకు తలంటడానికి మా అవ్వ, అంటే మా అమ్మ, చెంబులో వేడినీళ్లు పోసి, సీసా మూత బిగించి అందులో నిలబెట్టింది. వదిన పక్కనే కూర్చుని దాన్నే చూస్తోంది. గడ్డ అంచుల్లో పారదర్శకమై, మధ్యలో తెల్లటి ముద్ద మిగిలి, అదీ మెల్లగా మాయమైంది. మంట లేదు, పొగ లేదు. అవ్వ కోడలి మొహం చూసి, అడగకుండానే అంది.

"నూనె సీసను ఎన్నడన్న పొయ్యి మీద వెట్టినవా బిడ్డా? గిది గూడ గసొంటిదే గావచ్చు. జర నీళ్ల వేడితోని చూడు. నీళ్లు మాత్రం దాంట్ల పడనియ్యకు."

వదిన లేచింది. వెడల్పు గిన్నెలో నీళ్లు కాచి, పొయ్యి మీద నుంచి దించి, దాని మీద అడుగుకు నీళ్లు తగలకుండా ఇంకో స్టీలు గిన్నె కూర్చోబెట్టింది. ఆ గిన్నెనూ గరిటెనూ పొడిబట్టతో తుడిచింది, తుడిచిన బట్టతోనే మళ్లీ తుడిచింది. మూత పెడితే ఆవిరి చుక్కై అందులో పడుతుందని మూత పెట్టలేదు. చాక్లెట్ సన్నగా తరిగి వేసి, ఆగి ఆగి కలిపింది. చాలావరకు కరిగి, ఇంకా కొన్ని పలుకులు మిగిలి ఉండగానే గిన్నెను పైకి ఎత్తేసింది. నేను తొందరపడి ఇంకాసేపు ఉంచమన్నాను. వదిన నా మాట వినలేదు, ఆ మిగిలిన పలుకులు ఆ వేడికే కరిగాయి. గిన్నెలో అద్దంలా నున్నగా మెరిసింది.

నెయ్యి రాసిన పళ్లెంలో పోస్తే ఆ చలికి కాసేపట్లోనే గట్టిపడింది. ఎట్లా కోయాలో చెప్పమని వదిన నన్ను అడిగింది. నిలువున అయిదు, అడ్డంగా అయిదు అన్నాను. తలా ఒకటే వస్తుంది, కానీ ఎవరికీ తక్కువ కాదు. అంచు దగ్గర రెండు ముక్కలు కాస్త వంకరగా తెగితే ఆ రెండూ మా ఇంటి వంతుకని తీసిపెట్టింది. మొదటి ముక్క పిల్ల నోట్లో పెట్టి, మీ బాపు పంపాడని చెప్పింది. పిల్ల పరుగెత్తి ఫొటో ముందు నిలబడి, నోరు తెరిచి చూపించింది. తరువాత వదిన కొత్త చీర కట్టుకుని, పళ్లెం పట్టుకుని, మిగిలిన పదకొండు గుమ్మాలూ తిరిగింది. ఎదురింటి అత్త తన మనవడికిచ్చిన ముక్కలో కొస కొరికి, "బొగ్గు కాదు లే" అంది. ఆమె నోట అది పెద్ద మెప్పుదల.

ఇరవై నాలుగు ముక్కలు చేరాల్సిన చోటికి చేరాయి. ఇరవై అయిదోది అన్నకని వదిన డబ్బాలో దాచింది.

అన్న రావడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. మందమర్రి ఎండకు ఆ ముక్క డబ్బాలోనే కరిగిపోయేది. వదిన దాన్ని మళ్లీ వేడినీళ్ల మీద సాపు చేసి, తాగేనీళ్ల రంజను కింది తడి ఇసుక మీద డబ్బా పెట్టి గట్టిపరిచేది. తెల్లటి మచ్చలు పడినా పారేయలేదు. అన్న వచ్చిన రోజు, పిల్ల అతన్ని చూసి తలుపు చాటుకు పోయి ఫొటో వైపూ అతని వైపూ మార్చి మార్చి చూస్తుంటే, వదిన పళ్లెంలో ఆ ఒక్క ముక్క పెట్టి ముందుంచింది. అక్కడ మీరు ఎట్లా కరగబెడతారో చెప్పమని, మాకు ముప్పావుకిలో పాడయ్యాక గానీ తెలియలేదని అంది. అన్న ముక్కను చేతిలోకి తీసుకున్నాడు.

"నాకేమెరుక? నేను గిన్నెలు తోముత. అంటిన చాక్లెట్ వేడినీళ్లు పోస్తెనే పోతది, గంతే తెలుసు. కరగవెట్టుడు దూరంకెల్లి చూసిన."

తిన్నావా ఎన్నడన్నా అని అవ్వ అడిగింది. లేదన్నట్టు తల ఊపాడు. ముక్కను నోటిదాకా తీసుకుపోయి, తలుపు చాటు నుంచి చూస్తున్న కళ్లు కనబడి, అటు చేయి చాచాడు. పిల్ల ఒక్కో అడుగే వేస్తూ వచ్చి, ముక్క అందుకుని, అందుకున్నాక అతని మోకాలు పట్టుకుని నిలబడిపోయింది. నీ వంతు పోయింది కదా అని వదిన అంటే, "బాకీ వెట్టుకో, మల్ల తింట" అని నవ్వాడు.

మళ్లీ తినలేదు. సెలవు అయిపోయి వెళ్లాడు, వచ్చాడు, వెళ్లాడు, పూర్తిగా వచ్చేసరికి షుగరు పట్టుకుంది. ఇప్పుడు మా లైన్లో సగం క్వార్టర్లకు తాళాలున్నాయి. చాక్లెట్ ప్రతి కిరాణా కొట్టులోనూ వేలాడుతోంది. దుబాయ్ నుంచి ఎవరైనా తెచ్చినా అది గుమ్మం దాటదు, దాటాలని ఎవరూ ఎదురుచూడరు. మాడితే ఇంకోటి వస్తుంది. మంచిదే, మా వదిన పడ్డ బాధ మా మనవరాలు పడనక్కరలేదు. కానీ లైన్లో ఎంతమంది పిల్లలున్నారో ఇప్పుడు ఎవరినడిగినా చెప్పలేరు, పంచేది లేనప్పుడు లెక్కపెట్టే పని ఎవరికుంటుంది?

ఆదివారం రెండో పలకను నేనే వేడినీళ్ల మీద కరిగించి మనవరాలికి చూపించాను. అందులో ఒక ముక్క కాగితంలో చుట్టుకుని అన్నావదినల దగ్గరికి వెళ్లాను. అన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని, వాసన చూసి, పక్కన కూర్చున్న వదిన చేతిలో పెట్టాడు. ఇన్నేళ్లకు వదిన తిన్నది. కాబట్టి ఆమె లెక్క తీరింది. అన్న బాకీ మాత్రం అట్లాగే ఉంది: ఒకటి.