ఇప్పపూల గదిలో మేం వేసిన సినిమాలు

చర్ల వైపు మరో రెండు ఊళ్ళ వాళ్ళు, పినపాక దగ్గర ఒక ఊరి వాళ్ళు ఈ మధ్య నాకు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు. ఆ గదిలో మీరు ఏ సినిమాలు వేశారు, ఏది ముందు, ఏది వెనక అని. ఫోన్లో చెప్తే సగం పోతోంది. చెప్పిన ప్రతిసారీ నేను కొంచెం పెంచుతున్నానని మా ఆవిడ అంటోంది. అందుకే జరిగింది జరిగినట్టు ఒకసారి కాగితం మీద పెడుతున్నాను. సినిమాల పేర్లు మాత్రం రాయను. పేరు చెప్తే జనం అదొక్కటే వెతుకుతారు, దొరక్కపోతే మానేస్తారు. ఎలాంటి సినిమానో చెప్తే అలాంటిది ఎవరికి వాళ్ళు వెతుక్కోవచ్చు. మనుషుల పేర్లు కూడా రాయొద్దని ఆ గది ఉన్న ఊరివాళ్ళే అన్నారు.

మాది పరుపులు కుట్టే ఇల్లు. దూది ఏకడం, కుట్టడం మా తాతల నుంచి వచ్చిన పని. బడి నేను ఏడో తరగతిలోనే వదిలేశాను. మిగతా చదువంతా మా కొట్టుకు ఎదురుగా ఉన్న గ్రంథాలయంలో జరిగింది. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు రోడ్డు దాటి వెళ్ళి కూర్చునేవాణ్ణి. నా ఒంటి మీది దూది ఎగిరి పుస్తకాలకు అంటుకుంటుందని గ్రంథపాలకుడు నన్ను ఫ్యాను కింద కూర్చోనిచ్చేవాడు కాదు. కానీ ఏ బీరువా తాళం అడిగినా కాదనలేదు. అలా చరిత్ర పుస్తకాలయ్యాయి, యాత్రల పుస్తకాలయ్యాయి, చివరికి మూల బీరువాలో సినిమా మీద రాసిన పుస్తకాలు, బైండు చేసిన పాత పత్రికలు దొరికాయి. అన్నీ చదివాను. గర్వంగానే చెప్పుకుంటాను. చిక్కల్లా ఏమిటంటే, చదివిన సినిమాల్లో చూసినవి చాలా తక్కువ. "మా ఆయన సినిమాలు చూడడు, చదువుతడు" అని మా ఆవిడ వచ్చినోళ్ళకల్లా చెప్తుంది. చేతికి ఫోన్ వచ్చాక ఆ బాకీ కొంత తీర్చుకున్నాను.

ఎండలు మొదలయ్యాక నేను బండేసుకుని చర్ల వైపు ఊళ్ళకు వెళ్తాను. అక్కడి అడవి బూరుగు దూది మా పనికి బంగారం. దూది మాట్లాడుకోవడం, ఎవరైనా పరుపు అడిగితే వాళ్ళ వాకిట్లోనే కూర్చుని కుట్టివ్వడం, అలా వారం పది రోజులు గడుస్తాయి. ఆ ఊళ్ళలో ఒకచోట అంగన్‌వాడీ టీచర్ ఉంది. ఆ ఊరి కోడలే. వాళ్ళ అత్తగారి ఇంటి పక్కన ఉన్న పెంకుల గదిలో బీరువా నిండా పుస్తకాలు పెట్టి చదువుల గది నడుపుతోంది. వాళ్ళ తమ్ముడు ఎవరో వాడి వదిలేసిన చిన్న ప్రొజెక్టర్ పంపితే ఆదివారం సాయంత్రాలు సినిమాలు కూడా వేస్తోంది. తెర నేనే కుట్టిచ్చాను, పరుపులకు వాడే తెల్ల గుడ్డతో.

ఆ గది అసలు ఇప్పపువ్వు నిలవ చేసుకునే గది. తేమ తగలకూడదని కిటికీ లేకుండా కట్టారు. ఒక్కటే తలుపు. అత్తగారిని ఊరంతా పెద్దవ్వ అంటారు, నేనూ అదే అంటాను. కోడలు అడిగినప్పుడు ఆమె గది ఇచ్చింది కానీ ఒక మాట గట్టిగా చెప్పింది. ఆ మాట నా ముందే మళ్ళీ అంది.

"పువ్వు రాలేదాక నీది. చలి పొయ్యి ఎండలొచ్చినయి, ఇంక పువ్వు రాల్తది. గది ఖాళీ చెయ్యి."

"పుస్తకాలు ఏడ పెట్టాలె అత్తా? బయట పెడ్తే చెదలు తింటయి."

"ఎవలు చదువుతున్నరే? ఆదివారం ఆదివారం పోరగాండ్లు జేరి గుద్దుకునే బొమ్మలు చూసుడు, ఈలలేసుడు. ఒక్క ఆడామె గడప తొక్కిందా? ఆడోళ్ళు రాని గది నాకెందుకు, పువ్వన్న పోసుకుంట."

కోడలు కళ్ళల్లో నీళ్ళు ఒక్కటే తక్కువ. ఆ బీరువా కోసం ఆమె ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగిందో నాకు తెలుసు. నా దగ్గరికి వచ్చి, "అన్నా, నువ్వు అన్నీ చదివినోనివి. ఆడోళ్ళు వచ్చి కూసునేటట్టు నాలుగు సినిమాలు చెప్పు. పాతయి, కొత్తయి, ఏవైనా సరే. వాళ్ళు వస్తే గది ఉంటది, లేకుంటే పోతది" అంది.

నన్ను ఇలాంటి ప్రశ్న అడిగిన మనిషి జీవితంలో ఎవరూ లేరు. ఉత్సాహం పట్టలేక, పుస్తకాలన్నీ మెచ్చుకున్న సినిమా ఒకటి ముందు పెట్టించాను. గొప్ప సినిమానే. అందులో ఒకాయన కుర్చీలో కూర్చుని వాన చూస్తాడు. చాలాసేపు చూస్తాడు. టీచర్ బతిమాలితే వచ్చిన ఆడవాళ్ళు పది మంది కూడా చాలాసేపు చూసి, ఒకరి భుజం మీద ఒకరు ఒరిగి నిద్రపోయారు. సినిమా అయ్యాక ఒక వదిన లేచి జుట్టు ముడేసుకుంటూ, "నిద్ర మంచిగ పట్టింది భాయ్, గిసువంటివే ఎయ్యి" అంది. అందరూ నవ్వారు. టీచర్ నవ్వలేదు.

తప్పు సినిమాది ఒక్కటే కాదని ఆ వదినే చెప్పింది. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఆడవాళ్ళు కోడి కూయకముందే చెట్ల కిందికి వెళ్తారు. ఎవరి చెట్లు వాళ్ళవి. పొద్దెక్కేదాకా ఏరుకొచ్చి వాకిళ్ళలో ఎండబోస్తారు. పొద్దు గూకేసరికి కన్ను నిలవదు.

"పగటీలి ఎయ్యరాదు?" అంది.

"పగలు బొమ్మ కనపడదు వదినా, ఎలుతురు ఉంటది గద" అన్నాను.

"ఆ గదిల పగలు మనిషే కనపడడు. తలుపేస్తే నీ చెయ్యి నీకు కనపడదు, చూసినవా ఎన్నడన్న?"

నిజమే. పువ్వు కోసం కట్టిన చీకటి సినిమాకు సరిగ్గా సరిపోయింది. ఏ ఊళ్ళోనైనా సరే, ముందు ఆ ఊరి ఆడవాళ్ళకు ఏ పూట తీరికో అడగండి. సినిమా పేరు తర్వాత అడగొచ్చు.

ఇక ఎండబోసిన పువ్వు సంగతి. మేకలు ఊరుకోవు, కావలి ఉండాలి. పెద్దవ్వ చేతికర్ర పట్టుకుని వాకిట్లో వేపనీడన కూర్చుంది. "మీ పువ్వు గూడ నేనే చూస్త, పోండ్రి. నాకు బొమ్మ వద్దు. బయటికొచ్చినంక కథ చెప్పుండ్రి, ఊ కొడ్త" అంది. ఆ ఊళ్ళో ఊ కొట్టేవాళ్ళు లేకుండా కథ చెప్పరు. ఊ ఆగితే చెప్పే మనిషీ ఆగిపోతుంది.

మొదటి మధ్యాహ్నం పాత నలుపు తెలుపు సినిమా వేయించాను. ఇద్దరు తోడికోడళ్ళు, ఒకే బావి, మూడేళ్ళుగా మాటల్లేవు. చేదతాడు మీదే సినిమా అంతా నడుస్తుంది. పాటలు ఎక్కువ, మాటలు గ్రాంథికంగా ఉంటాయి, అయినా ఏం ఫర్వాలేదు. మన తెలుగు సరిగా రాని ముసలివాళ్ళకు పక్కన కూర్చున్నవాళ్ళు కోయ భాషలో చెప్తూనే ఉన్నారు. మొదట నాకు గ్రంథాలయం గోడ మీది 'నిశ్శబ్దం' బోర్డు గుర్తొచ్చి ఇబ్బందిగా అనిపించింది. తర్వాత చూస్తే ఆ చెప్పడం లేకపోతే సగం మంది లేచి వెళ్ళేవాళ్ళే. బయటికొచ్చాక పెద్దవ్వ అడిగిన మొదటి ప్రశ్న, "బావి ఎవల దిక్కున్నది?" ఆ ప్రశ్న ఏ పుస్తకంలోనూ లేదు. ఆ రోజంతా దాని మీదే తగువు.

రెండోది కావాలనే కొత్తది పెట్టాను. మొన్న మొన్నటి సినిమా, బస్సు కండక్టరుగా చేసే ఆడమనిషి ఒక రోజు కథ. గుద్దులాటలు లేవు, పెద్ద పాటలు లేవు. బస్సులో టికెట్ తీసుకోని మనిషితో ఆమె మాట్లాడే చోట మా వాళ్ళు ఆ కండక్టరుకు సలహాలు కూడా ఇచ్చారు. "దించెయ్యవే, దించెయ్యి!" అని వెనక నుంచి ఒకామె. పాతది చూసిన మర్నాడే కొత్తది చూపించడం మంచిది. అంతా పాతవే వేస్తే పోరగాళ్ళు రారు, అంతా కొత్తవే వేస్తే ముసలివాళ్ళు ఇది మనది కాదనుకుంటారు. మూడోది రంగుల జానపదం, గాల్లో ఎగిరే గుర్రం, మాయలేడి, మూడు గంటలు. దానికి పిల్లల్ని ఆపలేకపోయాం. గదిలో ఊపిరాడలేదు. తలుపు కొంచెం తీసి పెడితే తెర మీది గుర్రం తెల్లగా పాలిపోయింది, అయినా ఎవరూ కదల్లేదు.

నాలుగోది ఎంచేటప్పుడు నాకు భయమేసింది. అది ఎక్కడిదో మంచు దేశం సినిమా, కొత్తదే. మాటలు దాదాపు లేవు. ఒక ముసలాయన మెడలో గంటతో తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ కొండలన్నీ తిరుగుతాడు. చివర్లో మంచులో ఎక్కడో గంట చప్పుడు వినిపిస్తుంది. ముసలాయన ఆగి తల తిప్పుతాడు. అంతే, సినిమా అయిపోతుంది. కుర్చీ సినిమా లాగే దీనికీ నిద్రపోతారేమో అనుకున్నాను. కానీ మేకలు కాసే ఊరికి మేక తప్పిపోవడం ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మంచును చూసి, "అదంత ఉప్పా?" అని ఒకామె అడగడం తప్ప గదిలో మాట లేదు.

గొడవ బయట మొదలైంది. మొదట బయటికొచ్చినామె మేక దొరికిందని చెప్పింది. పెద్దవ్వ ఊ కొట్టింది. రెండో ఆమె చచ్చిపోయిందని చెప్పింది. పెద్దవ్వ ఊ ఆగిపోయింది.

"అది దొరికిందన్నది, నువ్వు సచ్చిందంటున్నవ్. ఇంతసేపు చీకట్ల కూసొని ఏం చూసిండ్రే?"

"గంట మోగింది అత్తా, దొరికినట్టే" అంది మొదటామె.

"గంట ముసలోని చెవుల మోగింది. మేక ఏడున్నది? చూపియ్యలె" అంది రెండో ఆమె.

నేను కల్పించుకుని, అలాంటి ముగింపులు ఉంటాయని, చూసేవాళ్ళకే వదిలేస్తారని, దాని మీద పుస్తకాల్లో చాలా రాశారని చెప్పబోయాను.

"నీ పుస్తకం సంగతి తర్వాత సాయెబూ. మేక బతికిందా సచ్చిందా గా ముచ్చట చెప్పు."

"నాకు తెల్వదు అవ్వా."

"చదివినా తెల్వదు, చూసినా తెల్వదు. రేపు మల్ల ఎయ్యి. నేనే చూస్త."

మర్నాడు మధ్యాహ్నం పెద్దవ్వ గది గడప తొక్కింది. ఆమె సినిమా చూస్తోందంటే ఊరు ఊరంతా వచ్చింది. చోటు లేక కొంతమంది బీరువాకు ఆనుకుని నిలబడ్డారు. తలుపేశారు. చీకట్లో ఆమె ఒక్కతే మొదటి నుంచి ఊ కొడుతూ కూర్చుంది. ముసలాయన ఒక గుట్ట ఎక్కితే ఊ. ఒక గుట్ట దిగితే ఊ. కాసేపటికి గదిలో అందరూ ఆమెతో పాటే ఊ కొట్టడం మొదలుపెట్టారు. ప్రొజెక్టర్ చప్పుడు వినపడలేదు. చివర గంట మోగినప్పుడు మాత్రం ఆమె ఊ కొట్టలేదు.

తలుపు తీశాం. ఎండ కళ్ళలో కొట్టింది. కళ్ళు సర్దుకున్నాక చూస్తే వాకిళ్ళలో ఎండబోసిన పువ్వు సగానికి సగం లేదు. ఊళ్ళో మేకలన్నీ అక్కడే ఉన్నాయి. తినగలిగినంత తిని, కడుపులు ఉబ్బి, పువ్వు మీదే పడుకున్నాయి. ఒకటి మాత్రం లేచి నిలబడి మా వైపు చూసి మళ్ళీ పడుకుంది.

కావలి ఎప్పుడూ పెద్దవ్వది. ఆమె లోపలికి వస్తే ఇంకెవరో ఉంటారని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. ఇంతమంది ఉన్న ఊళ్ళో బయట ఒక్క మనిషి లేడు. తెల్లవారకముందు లేచి, నడుం వంచి ఏరిన పువ్వు అది. టీచర్ ముఖం చూడలేకపోయాను. గది ఇక లేనట్టే అనుకున్నాను. తెర విప్పి మడత పెట్టడానికి లోపలికి వెళ్తున్నాను కూడా.

"ఏడికి?" అంది పెద్దవ్వ.

"తెర తీస్తున్న అవ్వా."

ఆమె మేకల దగ్గరికి వెళ్ళి కర్రతో ఒకదాన్ని కదిలించింది. అది కదల్లేదు. ఆమెకు నవ్వాగలేదు. కర్ర మీద ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆమె నవ్వుతుంటే అప్పటిదాకా తిట్టుకుంటున్న ఆడవాళ్ళకూ నవ్వొచ్చింది.

"లోపల మేక కోసం ఏడ్చుకుంట కూసున్నం, బయట మేకలు మన పువ్వు తిన్నయి" అంది. తర్వాత కోడలి వైపు తిరిగి, "గదిల ఏం పోస్తనే ఇప్పుడు? మిగిలింది అటక మీద పడ్తది. వచ్చేటి పువ్వు గూడ అటక మీదనే. గది నువ్వే ఉంచుకో. కావలికి మాత్రం దినానికొకరు బయట ఉండాలె, నేను గూడ బొమ్మ చూడాలె గద" అంది.

టీచర్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇంతకు మేక బతికిందా అత్తా?" అని ఆ వదిన అడిగింది.

"నాకేం ఎరుక? మల్ల చూడాలె" అంది పెద్దవ్వ.

ఇప్పుడు ఆ గదిలో వారానికి రెండు మధ్యాహ్నాలు సినిమా ఉంటుంది. మిగతా రోజుల్లో తలుపు తీసే ఉంచుతారు. పెద్దవ్వకు చదువు రాదు కానీ ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో, ఎవరు తిరిగి తేలేదో ఆమె దగ్గర దాచడం కష్టం. సినిమాలు ఎంచే పని నాదే. మా ఆవిడకు ముందు చూపించి, ఆమె వంటింట్లోకి లేచి వెళ్ళిపోయిన సినిమాలను పక్కన పెడుతున్నాను. ఆ కుర్చీ సినిమా కూడా ఎప్పుడో మళ్ళీ వేయాలని నా ఆశ, వానాకాలంలో, వాన పడుతున్నప్పుడు.

ఇందులో సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు. ఫ్యాను కింద కూర్చోనివ్వకపోయినా బీరువా తాళాలన్నీ ఇచ్చిన గ్రంథపాలకుడికి. బీరువా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన టీచరమ్మకు, ప్రొజెక్టర్ పంపిన ఆమె తమ్ముడికి. పగలు వేయమని చెప్పిన వదినకు. కోయలో కథ చెప్తూ చూపించిన అక్కలకు. ఆ రోజు నుంచి కావలికి తమ వంతు తప్పకుండా ఉంటున్న ఊరి మగవాళ్ళకు. చదువుతడు అని ఎగతాళి చేస్తూనే ఈ కాగితాలన్నీ విని, పెంచిన చోటల్లా ఆపిన మా ఆవిడకు. గది ఇచ్చిన పెద్దవ్వకు.